మట్టి కూరడం నేర్పిన మనిషి

మా ఆయన ఏసురాజుకు ఎడమ కన్ను పైన కనుబొమ్మ ఉండేది కాదు. పెళ్ళిచూపుల్లో నేను మొదట చూసింది అదే. చిన్నప్పుడు పొయ్యి ఊదుతుంటే మంట తగిలిందని మా అత్త ఓబులమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళకు పైగా నేను ఆ మాటే నమ్మాను.

ఆయన పోయిన ఏడాది జూన్‌లో పోయారు. గుండె జబ్బు. అప్పటి నుంచి మా ఇంట్లో మిక్సీ మామూలుగా తిరుగుతోంది. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మిక్సీ వేయడమంటే చిన్న పని కాదు. "పక్కకు రాండి! పక్కకు రాండి! పక్కకు రాండి!" అని మూడుసార్లు కేకేసి, అటూ ఇటూ చూసి, అప్పుడు మీట నొక్కేవారు. లోపల ఉండేది కొబ్బరి పచ్చడి. బోరు మోటారు పెట్టె తాళంచెవి మొలతాడుకే కట్టుకునేవారు. ఆయన స్నానానికి వెళ్తే చేనికి నీళ్ళు ఆగిపోయేవి. విజిల్ రాని కుక్కర్ దగ్గరికి స్టవ్ ఆపిన తర్వాత కూడా అరగంట దాకా ఎవరినీ పోనిచ్చేవారు కాదు. సగం ఉడికిన అన్నం మేము ఎన్నిసార్లు తిన్నామో లెక్కలేదు.

ఇదంతా గనిలో నేర్చిన అలవాటు. కోయిలకుంట్లకు నాలుగు మైళ్ళలో ఉన్న మా పల్లె నుంచి ఆయన ఇరవై రెండేళ్ళ వయసులో గోదావరి వైపు బొగ్గు గనులకు వెళ్ళారు. మొదట కూలీగా చేరి, తర్వాత షాట్‌ఫైరర్ అయ్యారు. బొగ్గు గోడకు రంధ్రాలు వేసి, వాటిలో మందు పెట్టి, పేల్చి బొగ్గును విడగొట్టే పనికి బాధ్యుడు షాట్‌ఫైరర్. మందు పేల్చే బ్యాటరీ తాళంచెవి అతని ఒంటి మీద తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. పేల్చే ముందు మూడుసార్లు కేకేయాలి. మందు పేలకపోతే అరగంట దాకా దాని ముఖం చూడకూడదు. రిటైరై ఇంటికి వచ్చాక ఆ గని మా వంటింట్లోకి దిగింది.

మా అత్తకు ఆ మందు సంగతి ఎప్పుడూ ఒక వింతే. ఆమె చిన్న కొడుకు, మా మరిది వసంతకుమార్, బేతంచెర్ల వైపు ఒక కంకర క్వారీలో మందు పెట్టే పనే చేస్తాడు.

"ఇద్దరు కొడుకులూ మందుగాళ్ళే," అనేది ఆమె. "చిన్నోడు కొండకు పెడతాడు, పెద్దోడు బొగ్గుకు పెడతాడు. మందంటే మందే గదా."

"కాదమ్మా," అనేవారు ఆయన. "వాడు పేలిస్తే మంట ఎంత లేసినా పైన ఆకాశం ఉండాది. గనిలో అట్లా కాదు. బొగ్గు లోపల్నించి ఒక గ్యాస్ వస్తాంటాది. కంటికి కనపడదు, వాసన రాదు. మందు మంట దానికి తగిల్తే గని అంతా ఒకే పొయ్యి. అందుకని మా మందులో ఉప్పు కలుపుతారు. మంట సల్లబడతాది. ఉప్పు కలిపిన మందు తప్ప ఇంకోటి లోపలికి తీస్కపోనియ్యరు."

"ఉప్పా?" అని ఆమె బుగ్గన ఆకువక్క అటు నుంచి ఇటు మార్చుకునేది. "కూరలో ఉప్పెక్కువైతే మీ నాయన యాడ సల్లబడినాడు? చెంబు ఇసిరికొడతాండె!"

ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు మా పల్లెలో లేరు.

వసంతకుమార్‌కు ఒక్కటే కూతురు, క్రిస్టినా. ఆడవాళ్ళు కూడా భూమి కింద గనిలో పనికి దిగవచ్చని చట్టం మారింది కదా, ఆ తర్వాత గనుల డిప్లొమా చదివింది. ఒక బొగ్గు గనిలో ఉద్యోగానికి ఎంపికైంది కూడా. ఒకటే షరతు. ఏడాదిలోగా షాట్‌ఫైరర్ పరీక్ష ప్యాసై సర్టిఫికెట్ చూపించాలి. ఆ ఏడాదిలో పరీక్ష రెండుసార్లే జరుగుతుంది. రెండుసార్లూ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మొదటిసారి పరీక్షకు పిల్ల ధీమాగా వెళ్ళింది. నియమాలన్నీ కంఠతా వచ్చు. ఆయన వరండాలో కూర్చుని ప్రశ్నలు వేస్తుంటే, ఈమె చేటలో శనగలు ఏరుతూ తల ఎత్తకుండా జవాబులు చెప్పేది. ఆగస్టులో ఒక మంగళవారం పరీక్ష. బుధవారం సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. వాళ్ళ ఇంటికి పోలేదు. చెప్పులు విప్పి గడప మీద కూర్చుంది.

"తప్పినా పెద్దమ్మా," అంది.

ఆయన లోపలి నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "యాడ తప్పినావు? గ్యాస్ చూసే కాడనా?"

"కాదు పెద్దనాయనా. చెక్కకు బొక్క వేసి పెట్టినారు. ఉత్తుత్తి మందు కడ్డీలు ఇచ్చినారు. ఎడమ పక్క మట్టి ముద్దలు, కుడి పక్క బొగ్గు పొడి. మందు పెట్టి మూసి చూపియ్‌మన్నారు. నోరు సరింగానే చెప్తాండాది. ముందు గ్యాస్ చూస్తాం, కప్పు చూస్తాం, మనుషుల్ని పంపిస్తాం అని. చెయ్యి పోయి కుడి పక్క పొడి తీసింది. రొండు పిడికిళ్ళు కూరినాక, పరీక్ష పెట్టేటోళ్ళల్లో ఒక ముసలాయన పెన్నుకు మూత పెట్టుకున్యాడు."

అంతే. ఆ పెన్ను మూతతో ఆరు నెలల చదువు మూసుకుపోయింది.

ఎందుకలా జరిగిందో చెప్పాలి. కొండ రాయికి రంధ్రం వేసేటప్పుడు పొడి బయటికి వస్తుంది. మందు పెట్టాక ఆ పొడినే మళ్ళీ రంధ్రంలో కూరి మూస్తారు. మా ప్రాంతపు క్వారీల్లో తాతల కాలం నుంచీ అదే పద్ధతి. క్రిస్టినా ఇంటర్ సెలవుల్లో రోజూ నాన్నకు సద్ది తీసుకుని క్వారీకి వెళ్ళి, అతని పక్కన కూర్చుని ఆ పొడి కూరడం చూసింది, తనూ కూరింది. బొగ్గు గనిలో రంధ్రం నుంచి వచ్చే పొడి బొగ్గే. దాన్ని కూరితే, నిప్పును ఆపాల్సిన మూతే నిప్పుకు మేత అవుతుంది. అందుకే అక్కడ తడి మట్టి, ఇసుక కలిపి చేసిన ముద్దలతోనే మూస్తారు. పిల్లకు ఇదంతా తెలుసు. చేతికి తెలియదు.

కబురు విని వసంతకుమార్ పరుగెత్తుకొచ్చాడు. కూతుర్ని చూసి అన్న మీద పడ్డాడు.

"ఏమప్పా, నా పని తప్పంటావా? ఇరవై ఏండ్ల నుంచి అదే పొడి కూరుతాండా. ఒక్కనికీ గీత పడలా!"

"నీది తప్పని యాడన్యానురా? రాయి పొడి మండదు. నీ కొండకు అదే సరి. ఆ గనిలో పొడే బొగ్గు, గమ్మునుండు."

"నా వెంట తిప్పుకోకుంటే ప్యాసయ్యేది గదా!"

"నీ వెంట తిరగకుంటే ఆ పిల్లకు గని చదువే తట్టేది కాదు. కూర్చో. మీ వదిన కాఫీ పెడతాది."

వసంతకుమార్ కూర్చోలేదు. గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. క్రిస్టినా ఏడుపు ఆపుకోవడానికి తన చున్నీ అంచు మడుస్తోంది, విప్పుతోంది. అప్పుడు ఆయన తన ఎడమ కన్ను పైన వేలితో తట్టి, "ఇది యాడ పోయిందో తెలుసునా పాపా నీకు?" అన్నారు.

"పొయ్యి కాడ గదా?" అంది పిల్ల.

"పొయ్యీ లేదు, పాడూ లేదు. గనికి పోయిన మొదటి నెల. అంతకు ముందు నేను చేసిందేంది? మీ నాయన చేసే పనే, కంకర క్వారీ కూలి. దావీదురాజని మా షాట్‌ఫైరరు. మందు పెట్టి, 'మట్టి కూరురా' అని పక్క బొక్క కాడికి పోయినాడు. నేను బొక్కలోంచి వచ్చిన పొడే కూరినా. పేల్చేటప్పుడు అందరం మలుపు ఎనకాల ఉండాల. కొత్తోన్ని గదా, ఎట్లుంటాదో సూద్దామని తల బయట పెట్టినా. బొగ్గు పడలా. మంట తుపాకి మాదిరి బొక్కలోంచి ఎనక్కి తన్నింది. ఆ పొద్దు ఆడ గ్యాస్ లేదు కాబట్టి కనుబొమ్మతో పోయింది. ఉండుంటే ఈ కథ చెప్పేదానికి మనిషి లేడు."

వంటింటి గుమ్మంలో నేను కాఫీ గ్లాసులతో నిలబడిపోయాను. మూల కూర్చున్న మా అత్త వైపు చూశాను. ఆమె గోడకేసి చూస్తోంది.

"అత్తా, పొయ్యి అన్యావే!"

"అంటా గదా," అంది ఆమె. "గనిలో కాలిందంటే నిన్ను ఇస్తాండిరా మీ నాయనోళ్ళు?"

గడప మీద ఏడుపు ముఖంతో ఉన్న పిల్ల ఫక్కున నవ్వింది. వసంతకుమార్ కూడా గోడను వదిలి కూర్చున్నాడు.

"మరి నిన్నేం చేసినారు పెద్దనాయనా?"

"నన్నేం చెయ్యలా. దావీదురాజును మూడు నెల్లు గని బయట పనికి మార్చినారు. కూలోడు ఏం కూరినా షాట్‌ఫైరరుదే బాధ్యత. నేను పోయి కాళ్ళు పట్టుకుంటే ఆయనేమన్యాడో తెలుసా? 'నీ నోటికి చెప్పినా, నీ చేతికి చెప్పలా. అది నా తప్పే' అన్యాడు. నేనూ నీకు నోటికే చెప్పినా పాపా. రేప్పొద్దున్నుంచి చేతికి చెప్తా."

మర్నాడే మొదలుపెట్టారు. మట్టితోనే మొదటి చిక్కు. మాది నల్లరేగడి. తడిపి ముద్ద చేస్తే నున్నగా వస్తుంది, ఎండగానే నెర్రెలిస్తుంది. ఆయన ఒక ముద్దను విరిచి చూపించి, "ఈ సందు చాలు మంట దూరేదానికి," అని పారేశారు. కుమ్మరి చిన్న ఈరన్న దగ్గరికి వెళ్ళారు.

"ఏమప్పా ఏసురాజు," అన్నాడు చిన్న ఈరన్న, "మట్టితో కుండ చేసేటోళ్ళను చూసినా గానీ, పగలగొట్టే పనికి మట్టి అడిగేటోన్ని నిన్నే చూస్తాండా."

అయినా రెండు గంపల మంచి మట్టి ఇచ్చాడు. దానికి ఇసుక కలిపి, తడిపి, బొటనవేలు లావున జానెడు పొడవు కడ్డీలు చేయాలి. మరీ తడిగా ఉంటే జారుతుంది, మరీ ఎండితే విరుగుతుంది. ఆయన చేసినవి వంకర, క్రిస్టినా చేసినవి సన్నం. మా అత్త కాసేపు చూసి, "లెయ్యండి మీరు," అని పీట మీద కూర్చుని అరచేత్తో దొర్లించింది. ఒక్కటంటే ఒక్కటీ వంకర లేదు. ఎనభై ఏళ్ళ చేతులు.

"అమ్మా, నువ్వు గనికి రావాల్సింది," అన్నారు ఆయన.

"పిలిస్తివా ఎప్పుడన్నా?" అంది ఆమె.

వరండా స్తంభానికి అడ్డంగా ఒక వెదురు బొంగు కట్టారు. అదే రంధ్రం. న్యూస్‌పేపర్లో తవుడు చుట్టి మందు కడ్డీలు చేశారు. నెట్టడానికి పొడుగాటి కర్ర. ఇనుము పనికిరాదు, నిప్పు రాలుతుంది. ఎడమ పక్క మట్టి, కుడి పక్క రాయి పొడి. ఆ పొడి బస్తా వసంతకుమారే క్వారీ నుంచి మోసుకొచ్చి పెట్టాడు. పొడి అక్కడ ఉండాలి, చెయ్యి అటు పోకూడదు. అదీ పాఠం.

చెయ్యి పోయేది. మాట్లాడుతూ చేస్తే తప్పకుండా పోయేది. మా అత్త పక్కనే తాటాకు విసనకర్ర పట్టుకుని కూర్చుంది. చెయ్యి కుడి పక్కకు పోతే చాలు, టప్!

"నీ బండబడ! మల్ల పాయె సూడు!"

మొదటి రోజు తొమ్మిది దెబ్బలు. వారం తర్వాత నాలుగు. మధ్యలో మా ఆయన చూపించబోయి, మాటల్లో పడి, తనే కుడి పక్కకు చెయ్యి చాపారు. ఆయనకూ పడింది ఒకటి. "రిటైరైనోనికి కూడానా?" అని చెయ్యి రుద్దుకున్నారు.

అలా ఐదు నెలలు, రోజూ పొద్దున్నే. క్రిస్టినా మట్టి కూరుతుంటే ఆయన ఊరికే కూర్చునేవారు కాదు. కావాలని తికమక పెట్టేవారు. ఒకసారి పై అధికారిలా గొంతు మార్చి, "ఏమమ్మా, షిఫ్ట్ అయిపోతాండాది, బొగ్గు రాలా, కానియ్‌ బిన్నా," అని తొందర పెట్టేవారు. ఇంకోసారి కూలీలా, "అక్కా, మట్టి పైన ఉండాది, తెచ్చేదానికి గంట పడతాది, పొడి వేసేద్దాంలే," అని బతిమాలేవారు. పిల్ల నవ్వకుండా మట్టే కూరాలి. నవ్వితే మళ్ళీ మొదటి నుంచి. రోజుకు ఇరవై, ముప్పై సార్లు. అయిపోయాక బొంగు విప్పి, మట్టి ఎక్కడైనా సందు వదిలిందేమోనని వెలుతురుకు పెట్టి చూసేవారు. ఆయనకు అప్పటికే మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కర్నూలు డాక్టరు మూడు రకాల మాత్రలిచ్చాడు. ఆ పొద్దుటి పూటల్లో మాత్రం ఆయన గొంతు వీధి చివరి దాకా వినపడేది.

శనగల కాలం వచ్చింది. కోయిలకుంట్లలో కొట్టు ఉన్న గంగాధరం శెట్టి పంట చూసుకోవడానికి స్కూటరు మీద మా పల్లెకు వచ్చాడు. వరండాలో ఆరబెట్టిన మట్టి కడ్డీల వరసలు చూసి స్కూటరు ఆపాడు.

"ఏమప్పా ఏసురాజు, కొత్త యాపారమా? ఇవి తినేటివా, పూసుకునేటివా?"

"ప్రాణాలు కాపాడేటివి శెట్టీ. కావాల్నా?"

"నాకెందుకప్పా, నా కొట్లో పేలేది ఒక్కటీ లేదు. ఎవరన్నా అప్పు అడిగినప్పుడు మా ఆడమనిషి తప్ప."

రెండో పరీక్ష ఫిబ్రవరిలో వచ్చింది. క్రిస్టినా వెళ్ళిన రోజు మేమందరం మిద్దె మీదున్నాం, సిగ్నల్ అక్కడే బాగా వస్తుందని. ఆయన మెట్లెక్కకూడదని డాక్టరు చెప్పాడు. రెండేసి మెట్లకు ఒకసారి ఆగి, ఎక్కేశారు. వసంతకుమార్ క్వారీ మానుకుని వచ్చాడు. మా అత్త ఫోను తన ఒళ్ళో పెట్టుకుంది, ఎవరికీ ఇవ్వనంది. పదకొండు నుంచి ఎండలో కూర్చుంటే రెండింటికి మోగింది.

"అవ్వా, పెద్దనాయనకు ఇయ్యి."

"నాకు చెప్పు ముందు."

"ప్యాసైనా అవ్వా!"

ముసలామె ఫోను కొడుకు చేతికిచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వసంతకుమార్ అప్పటికే మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాడు, ఎవరికి చెప్పాలో తెలియక మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"పొడి పెట్టినారా పాపా?" అడిగారు ఆయన.

"పెట్టినారు. ఈసారి ఇంకా దగ్గర పెట్టినారు. అదే ముసలాయన. మట్టి అయిపోతే ఏం చేస్తావని అడిగినాడు. మట్టి వచ్చేదాకా కూర్చుంటా సార్ అన్యా. మేనేజరు తిడితే? కూర్చోనే తిట్టించుకుంటా అన్యా."

"చెయ్యి పోలా?"

"పోలా పెద్దనాయనా. అవ్వ యాడన్నా ఉండాదేమో అని భయం!"

ఏప్రిల్‌లో పిల్ల ఉద్యోగంలో చేరింది. ఆరు నెలలు ఒక పెద్ద షాట్‌ఫైరర్ వెంట తిరిగింది. తర్వాత ఒక చోట తనకే వదిలారు. ఆ మొదటి రోజు ఆయనకు తిండి సహించలేదు. సర్టిఫికెట్ బోర్డువాళ్ళు ఇచ్చారు గానీ, ఆయన మనసులో పరీక్ష ఇంకా అవలేదు. క్యాలెండర్ ముందు నిలబడి తారీకు చూశారు, కూర్చున్నారు, మళ్ళీ లేచి అదే తారీకు చూశారు. మధ్యాహ్నం మూడింటికి షిఫ్ట్ అయిపోతుంది. మూడూ పదికి ఫోను వచ్చింది. ఈసారి నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా వినపడింది.

"పెద్దనాయనా, ఈ పొద్దు ఒక్కటీ పేల్చలా."

ఆయన లేచి నిలబడ్డారు. "ఏమాయ?"

"మందు పెట్టేదానికి ముందు గ్యాస్ చూసే జాలీ దీపం ఎత్తి చూసినా. మంట మీద నీలంగా టోపీ లేసింది. మీటరు పెట్టి చూసినా, అదే చెప్పింది. గ్యాస్ ఉండాది. అందర్నీ ఎనక్కి పంపిచ్చినా. గాలి తోలి తోలి షిఫ్ట్ అయిపోయింది. బొగ్గు ఒక్క తట్ట రాలా. పైకొచ్చేటప్పుడు ఒకాయన 'ఆడమనిషి చేతికిస్తే ఇంతే' అన్యాడు."

"ఎంతమంది దిగినారు?"

"పదకొండు మంది."

"పైకెంతమంది వచ్చినారు?"

"పదకొండు మంది, పెద్దనాయనా."

"సరే. పోయి అన్నం తిను," అని ఫోను పెట్టేశారు.

చొక్కా వేసుకున్నారు. ఎక్కడికని అడిగితే చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. నేనూ వెంట బయల్దేరాను. ఆటో ఎక్కి కోయిలకుంట్ల వెళ్ళాం. మిఠాయి అంగట్లో కిలో మైసూరుపాకు కట్టించుకుని, ఎదురుపడిన వాళ్ళందరికీ పెట్టడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్ళకు, తెలియనివాళ్ళకు, బస్టాండు దగ్గర టీ తాగుతున్న కండక్టరుకు. గంగాధరం శెట్టి కొట్లో త్రాసు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా ఏసురాజు, యాంది ఇశేషం?"

"మా పాప ఈ పొద్దు మందు పేల్చలా శెట్టీ. తీస్కో."

శెట్టి పొట్లంలోకి చూశాడు, ఆయన ముఖంలోకి చూశాడు. "పేల్చకుంటే మిఠాయా?"

"అవును. తీస్కో."

శెట్టి ఒకటి నోట్లో వేసుకున్నాడు. బాగున్నట్టుంది, రెండోది తీసుకున్నాడు. నమిలి, వేళ్ళు పంచెకు తుడుచుకుని, "మల్ల ఎప్పుడు పేల్చదంటప్పా?" అన్నాడు.